కాల్షియం రియాక్టర్ బిగించి ట్యూన్ చేసుకోవడం ఎలా: మన తిరుపతి ఎండల్లో రీఫ్ ట్యాంక్ నడిపేవాళ్లకి

అక్రోపోరా, మాంటిపోరా లాంటి గట్టి ఎముక కట్టే కోరల్స్‌ని, అంటే పగడాల్ని, ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకులో (దాన్నే రీఫ్ ట్యాంక్ అంటాం) పెంచేవాళ్లందరికీ ఒక దశ వస్తుంది. ఒక డబ్బాలోంచి కాల్షియం, ఇంకో డబ్బాలోంచి కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత, డీకేహెచ్‌లలో చెప్తారు) రోజూ పోస్తూనే ఉంటారు, అవి తాగేస్తూనే ఉంటాయి, ఆదివారం టెస్ట్ చేస్తే కేహెచ్ మళ్లీ 6 దగ్గర ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు "రియాక్టర్ పెట్టుకో అన్నా" అంటారు. మంచి సలహానే. కానీ రియాక్టర్‌ని కొని, బిగించి, బుడగలు లెక్కపెట్టి వదిలేస్తే పని జరగదు. దాన్ని నడిపించాల్సింది ట్యాంక్ కేహెచ్ టెస్ట్‌తో. బుడగల లెక్క, పీహెచ్ మీటరు, ప్రెషర్ గేజ్, ఇవన్నీ ఆ టెస్ట్ తర్వాతే. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా ఓపిక పని.

ముందు ఇది అసలు ఏం చేస్తుందో చూద్దాం. గోలీసోడా ఎలా తయారవుతుందో మనకి తెలుసు, నీళ్లలోకి సీఓటూ గ్యాస్ ఎక్కిస్తే అది పుల్లబడుతుంది. రియాక్టర్‌లోనూ అదే. ఒక మూసేసిన గొట్టంలాంటి డబ్బా, అందులో అరగొనైట్ అనే కాల్షియం కార్బొనేట్ గులకలు, వాటి గుండా ట్యాంక్ నీళ్లు తిరుగుతుంటాయి, ఆ నీళ్లలోకి కొంచెం కొంచెం సీఓటూ వదులుతాం. ట్యాంక్‌లో 8.1, 8.2 దగ్గరుండే పీహెచ్ ఆ డబ్బాలో 6.5, 6.7కి పడిపోతుంది, గులకలు మెల్లగా కరుగుతాయి. కరిగినప్పుడు కాల్షియం, కేహెచ్ రెండూ కలిసే వస్తాయి, అది కూడా కోరల్స్ వాడుకునే నిష్పత్తిలోనే, అంటే 2.8 డీకేహెచ్‌కి 20 పీపీఎం కాల్షియం చొప్పున. గులకలు పూర్వం ఏదో ఒక జీవి కట్టుకున్న ఎముకే అయితే కొద్దిగా స్ట్రాన్షియం, మెగ్నీషియం కూడా వస్తాయి. ఆ చిక్కటి నీళ్లు చుక్కచుక్కగా సంప్‌లోకి, అంటే ట్యాంక్ కింద ఉండే రెండో తొట్టిలోకి, పడుతుంటాయి. ఈ నీళ్లని అందరూ ఎఫ్లుయెంట్ అంటారు, నేనూ అదే అంటాను.

అందరికీ ఇది అవసరమా అంటే, కాదు. జోవాంథిడ్స్, మష్రూమ్స్, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్ ఉన్న రెండడుగుల ట్యాంకుకి వారం వారం నీళ్లు మారిస్తే సరిపోతుంది, మంచి ఉప్పులో కావాల్సినంత కాల్షియం ఉంటుంది. రోజుకి అర డీకేహెచ్ కూడా పడని ట్యాంకుకి టూ పార్ట్ డోసింగే, అంటే ఆ రెండు డబ్బాల పద్ధతే, హాయి. రోజుకి 1, 1.5 పడుతోంది, నీళ్లు మూడు నాలుగు వందల లీటర్లు పైనే ఉన్నాయి అన్నప్పుడు రియాక్టర్ గురించి ఆలోచించండి. మొదట్లో ఖర్చు గట్టిగానే అవుతుంది, తర్వాత నెలనెలా ఖర్చు చాలా తక్కువ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. గట్టి కోరల్స్ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చెన్నైలోని కొళత్తూరు వెళ్లి చేపలు తెచ్చుకున్నంత తేలిగ్గా కోరల్స్ తెచ్చుకోకండి. సక్రమంగా దిగుమతి అయినట్టు కాగితాలు, బిల్లు చూపించలేని అమ్మకందారు దగ్గర ఎంత చవకైనా వద్దు. రామేశ్వరం వైపు ఒడ్డున దొరికే చచ్చిన కోరల్ ముక్కలు ఏరుకొచ్చి రియాక్టర్‌లో వేస్తామనే ఆలోచన కూడా వద్దు, చచ్చిన ముక్క అయినా నేరమే. దేశంలో ఉన్న కొన్ని పగడపు దిబ్బల్ని మనమే గుల్ల చేసుకోవద్దు.

సరే, పనిలోకి వద్దాం. డబ్బా బిగించే ముందు మీ ట్యాంక్ రోజుకి ఎంత తాగుతుందో తెలియాలి. డోసింగ్ మొత్తం ఆపేయండి. ఇవాళ రాత్రి తొమ్మిదింటికి కేహెచ్ టెస్ట్ చేయండి, సాలిఫర్ట్ కిట్ అయినా సరే, హన్నా చెకర్ అయినా సరే, కానీ ప్రతిసారీ అదే కిట్. రెండు రోజుల తర్వాత అదే టైముకి మళ్లీ చేసి, తేడాని రెండుతో భాగించండి. 8.6 నుంచి 5.6కి పడితే రోజుకి 1.5 అన్నమాట. ఆ అంకె ఎక్కడైనా రాసి పెట్టుకోండి, తర్వాత లెక్కలన్నీ దాని మీదే. ఈ మధ్యలో నీళ్లు మార్చకూడదు, అది మర్చిపోవద్దు.

ఆ తర్వాత ట్యాంక్‌ని సరైన స్థాయికి చేతితో తెచ్చుకోవాలి. రియాక్టర్ ఉన్నదాన్ని నిలబెడుతుంది, పడిపోయినదాన్ని లేపడానికి దానికి చాలా కాలం పడుతుంది, పైగా కాల్షియం, కేహెచ్ రెండూ ఒకే నిష్పత్తిలో ఇస్తుంది కాబట్టి ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉంటే ఆ తేడా అలాగే ఉండిపోతుంది. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, కేహెచ్ 7.5 నుంచి 9, మెగ్నీషియం 1250 నుంచి 1400, సెలైనిటీ (ఉప్పదనం) 35 పీపీటీ. కాల్షియం తక్కువైతే కాల్షియం క్లోరైడ్, కేహెచ్ తక్కువైతే సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడానే, కాకపోతే ఏమీ కలపని శుద్ధమైనది. బేకింగ్ పౌడర్ మాత్రం వేరే, అందులో పుల్లటి పదార్థాలూ పిండీ ఉంటాయి, అది వద్దు. కేహెచ్ రోజుకి 1 కంటే ఎక్కువ పెంచకండి, కోరల్స్ కొసలు కాలిపోతాయి. మెగ్నీషియం ముందు సరిచేయండి, అది తక్కువగా ఉంటే మీరు పోసిన కాల్షియం, కేహెచ్ రెండూ కలిసి పంపుల మీద, హీటరు మీద తెల్లటి పొరగా కూర్చుంటాయి తప్ప నీళ్లలో నిలవవు.

నీళ్ల సంగతి ఒక్క ముక్కలో చెప్తా. కల్యాణి డ్యామ్ నీళ్లొచ్చినా, బోరు నీళ్లొచ్చినా, చిత్తూరు వైపు గట్టి నీళ్లయినా, ఆర్ఓ తర్వాత డీఐ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే ఫిల్టర్) ఉండాలి, టీడీఎస్ సున్నా చూపించాలి. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ మెషిన్ సరిపోదు, వాటిలో చాలావాటికి రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది.

కొనాల్సినవి: రియాక్టర్ బాడీ, దానికే ఉండే రీసర్క్యులేషన్ పంపు (లోపలి నీళ్లని తిప్పేది), మీడియా (లోపల వేసే గులకలు), సీఓటూ సిలిండర్, రెగ్యులేటర్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించేది), సోలెనాయిడ్ (కరెంటుతో గ్యాస్ తెరిచి మూసే వాల్వ్), నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నగా సర్దేది), బబుల్ కౌంటర్ (బుడగలు లెక్కపెట్టేది), చెక్ వాల్వ్ (వెనక్కి రానివ్వనిది), పీహెచ్ ప్రోబ్, కంట్రోలర్ (ప్రోబ్ అంకెని బట్టి గ్యాస్ ఆపేది), నీళ్లు పంపడానికి పెరిస్టాల్టిక్ పంపు (ట్యూబ్‌ని నొక్కుతూ నీళ్లని కొలతగా తోసేది). ఇందులో డబ్బు పెట్టాల్సినవి రెండే, రెగ్యులేటర్, పెరిస్టాల్టిక్ పంపు. రియాక్టర్ బాడీ అక్రిలిక్ గొట్టమే, ఒక మోస్తరుది అయినా నడుస్తుంది.

రెగ్యులేటర్ డ్యూయల్ స్టేజ్‌దే తీసుకోండి. సింగిల్ స్టేజ్‌లో ఒక చిక్కు ఉంది. సిలిండర్ అయిపోవస్తున్నప్పుడు లోపలి ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు బయటికొచ్చే ప్రెషర్ దానంతటదే పెరుగుతుంది, నీడిల్ వాల్వ్ మీరు తిప్పకపోయినా బుడగలు ఒక్కసారిగా వరదలా వస్తాయి. రాత్రి మీరు పడుకున్నాక ఇలా జరిగితే పొద్దునకి ట్యాంక్ పీహెచ్ 7.5 కంటే కిందకి పోయి ఉంటుంది. డ్యూయల్ స్టేజ్‌లో ప్రెషర్‌ని రెండు మెట్లలో తగ్గిస్తారు కాబట్టి ఈ గొడవ దాదాపు ఉండదు. సోలెనాయిడ్ కరెంటు లేనప్పుడు మూసుకునే రకం ఉండాలి.

సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది అంటే, సోడా కొట్టేవాళ్లకి గ్యాస్ ఇచ్చేవాళ్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నింపేవాళ్లు, వెల్డింగ్ గ్యాస్ షాపులు, ఈ మూడు చోట్లా అడగండి. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలున్న రోడ్లో వెల్డింగ్ గ్యాస్ వాళ్లని వెతకొచ్చు. వెల్డింగ్ షాపులో మాత్రం "అన్నా, ఇది ప్యూర్ సీఓటూనా, ఆర్గాన్ మిక్సా?" అని తప్పకుండా అడగండి, ఎందుకంటే వెల్డింగ్‌కి ఆర్గాన్ కలిపిన గ్యాస్ కూడా వాడతారు, దానితో మన పీహెచ్ దిగదు. సోడా వాళ్ల గ్యాస్ తినే పదార్థాలకి వాడేది కాబట్టి నేనైతే దానికే మొగ్గు చూపుతా. వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ చేతిలో పట్టుకెళ్లండి. బయటి దేశాల నుంచి వచ్చిన రెగ్యులేటర్ మరలు మన సిలిండర్ వాల్వ్‌కి చాలాసార్లు సరిపోవు, అడాప్టర్ కావాల్సి వస్తుంది, అది షాపులోనే బిగించి చూసుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు. సిలిండర్ భుజం మీద టెస్ట్ చేసిన తేదీ చెక్కి ఉంటుంది, గడువు దాటినది ఇస్తే తీసుకోవద్దు.

ఇప్పుడు మన ఊరి ఎండ సంగతి. దీని గురించి రియాక్టర్‌తో వచ్చే పుస్తకాల్లో రాయరు, ఎందుకంటే రాసినవాళ్ల ఊళ్లు చల్లగా ఉంటాయి. సీఓటూ సిలిండర్‌లో చాలా భాగం ద్రవంగా ఉంటుంది, పైన కొంచెం గ్యాస్. ద్రవం ఉన్నంతసేపూ గేజ్‌లో కనిపించే ప్రెషర్ వేడిని బట్టి మారుతుంది, ఎంత గ్యాస్ మిగిలిందన్నదాన్ని బట్టి కాదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 దగ్గర 72 బార్ దాకా. 31 డిగ్రీలు దాటాక లోపల ద్రవం, గ్యాస్ అన్న తేడానే పోతుంది, ఆ పైన ప్రెషర్ ఇంకా వేగంగా పెరుగుతుంది. తిరుపతిలో ఏప్రిల్, మేలో బయట 40 దాటడం మామూలే. అందుకని సిలిండర్‌ని పడమటి ఎండ కొట్టే బాల్కనీలోనో, డాబా మీదనో, మూసేసిన కారులోనో ఉంచొద్దు. నింపించి తెచ్చేటప్పుడు పొద్దున్నే వెళ్లి రండి, కారు అద్దాలు దించి ఉంచండి, నిలబెట్టి కట్టేయండి. ఎంత గ్యాస్ మిగిలిందో తెలియాలంటే తూకం వేయండి. ఖాళీ బరువు సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది, బాత్రూమ్ తూకం మీద పెట్టి తీసేస్తే మిగిలింది గ్యాస్. గేజ్ పడిపోవడం మొదలైందంటే ద్రవం అయిపోయినట్టే, ఇక కొద్ది రోజులే.

ఇంట్లో నిలబెట్టి, పడిపోకుండా గోడకి గొలుసుతో కట్టండి. సీఓటూ గాలి కంటే బరువు, లీకైతే కింద పేరుకుంటుంది. ఏసీ వేసి తలుపులు మూసి పడుకునే చిన్న బెడ్‌రూమ్‌లో సిలిండర్ పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు, హాల్లో పెట్టండి, గాలి ఆడే చోట. అన్ని జాయింట్లకీ సబ్బు నురగ రాసి చూడండి, బుడగ లేచిందంటే బిగించాలి.

మీడియా గురించి చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. కడప బండ కూడా సున్నపురాయే కదా, ఇంటి ముందు పడి ఉన్న ముక్కలు కొట్టి వేస్తే ఏం? వేయొద్దు. కడప బండలో ఉండేది ప్రధానంగా కాల్సైట్, అది అరగొనైట్ కంటే కష్టంగా కరుగుతుంది, కరిగించాలంటే పీహెచ్ ఇంకా కిందకి లాగాలి, గ్యాస్ ఎక్కువ పోతుంది. పైగా అందులో మట్టి, సిలికా లాంటి మలినాలుంటాయి. గ్రానైట్ షాపుల దగ్గర దొరికే పాలరాయి చిప్స్ కూడా అంతే. అక్వేరియం కోసమే అమ్మే అరగొనైట్ మీడియా తీసుకోండి, అది కూడా మోటుది, శనగగింజ అంత లేదా ఇంకొంచెం పెద్దది. ఇసుకలాంటిది వేస్తే గట్టిగా పేరుకుపోయి నీళ్లు ఒకే దారిలో పోతాయి. ఎంత కావాలో లెక్క కూడా తేలికే. 1 డీకేహెచ్ అంటే లీటరుకి దాదాపు 18 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. 400 లీటర్ల ట్యాంక్ రోజుకి 1.5 తాగితే రోజుకి 11 గ్రాములు, ఏడాదికి సుమారు 4 కిలోలు. రియాక్టర్‌లో పట్టే మీడియా ఎన్నాళ్లు వస్తుందో దీన్నిబట్టి మీరే చెప్పుకోవచ్చు.

మీడియాని ఆర్ఓ నీళ్లలో బియ్యం కడిగినట్టు తెల్లనీళ్లు పోయేదాకా కడగండి. తర్వాత ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్లలో ఫాస్ఫేట్ టెస్ట్ చేస్తే ఇంకా మంచిది, కొన్ని మీడియాల్లో ఫాస్ఫేట్ ఉంటుంది, అది కరిగి ట్యాంక్‌లోకి వస్తే ఆల్గే, అంటే నాచు, పట్టుకుంటుంది. కింద స్పాంజి, పైన స్పాంజి, మధ్యలో మీడియా, పైన కొంచెం ఖాళీ వదలండి.

సీఓటూ పైపుకి సిలికాన్ ట్యూబ్ వాడొద్దు. ఎయిర్ పంపుకి వాడే మెత్తటి ట్యూబ్ ఇంట్లో ఉంది కదా అని పెడతారు, కానీ సిలికాన్ గోడలోంచి సీఓటూ బయటికి జారిపోతుంది. పాలీయురెథేన్ ట్యూబ్ కొనండి. రెగ్యులేటర్‌కీ రియాక్టర్‌కీ మధ్య చెక్ వాల్వ్ ఉండి తీరాలి, లేకపోతే ఏదో ఒక రోజు ఉప్పునీళ్లు వెనక్కి వెళ్లి రెగ్యులేటర్‌ని తినేస్తాయి. బబుల్ కౌంటర్‌లో నీళ్లు పోస్తే మన వేడికి తొందరగా ఆరిపోతాయి, గ్లిజరిన్ పోస్తే చాలాకాలం ఉంటుంది.

నీళ్ల పంపు విషయంలో, సంప్ నుంచి ట్యాంక్‌కి నీళ్లు తీసుకెళ్లే రిటర్న్ లైన్‌లోంచి టీ జాయింట్ పెట్టి, చివర చిన్న వాల్వ్‌తో చుక్కలు సెట్ చేసే పద్ధతి ఉంది, చవక కూడా. కానీ ఆ వాల్వ్‌లో సున్నం, బూజు పేరుకుని చుక్కల వేగం రోజురోజుకీ తగ్గిపోతుంది, మీరు గ్యాస్ తిప్పుతూ కూర్చుంటారు, అసలు తప్పు నీళ్ల దగ్గర ఉంటుంది. నిరంతరం తిరగడానికి చేసిన స్టెప్పర్ మోటార్ పెరిస్టాల్టిక్ పంపు, కామోయర్ లాంటిది, పెట్టుకుంటే నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్తే అంతే వస్తుంది. రోజుకి నాలుగుసార్లు డోస్ చేసే చిన్న డోసింగ్ పంపు దీనికి పనికిరాదు, 24 గంటలూ తిరగలేదు.

అన్నీ బిగించాక ఒక రోజు గ్యాస్ లేకుండా నడపండి. రియాక్టర్‌ని ట్యాంక్ నీళ్లతో నింపండి, రీసర్క్యులేషన్ పంపు ఆన్ చేయండి, డబ్బాని కొంచెం అటూ ఇటూ వంచి లోపలి గాలంతా పోనివ్వండి. పంపులోంచి కరకర శబ్దం వస్తోందంటే ఇంకా గాలి ఉన్నట్టే. లీకులు చూసుకోండి, మూత ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు రాయండి. ఈలోపు పీహెచ్ ప్రోబ్‌ని 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) క్యాలిబ్రేట్ చేయండి. ట్యాంక్‌కైతే 7, 10 వాడతాం, రియాక్టర్ 6.5 దగ్గర ఉంటుంది కాబట్టి 7, 4.

మర్నాడు గ్యాస్. ముందు నీడిల్ వాల్వ్ పూర్తిగా మూసి ఉందో లేదో చూడండి, రెగ్యులేటర్ నాబ్ కూడా వదులుగా ఉండాలి. సిలిండర్ వాల్వ్ నెమ్మదిగా తెరవండి, గేజ్‌కి ఎదురుగా మొహం పెట్టొద్దు. బయటి ప్రెషర్ 1 బార్ దగ్గర పెట్టండి. సోలెనాయిడ్ ఆన్ చేసి నీడిల్ వాల్వ్ వెంట్రుకవాసి తిప్పండి, నిమిషానికి 20, 30 బుడగలు చాలు. నీళ్లు నిమిషానికి 20 మిల్లీలీటర్లు. పంపు స్క్రీన్ మీద 20 అని ఉన్నా నమ్మొద్దు, కొలత గీతలున్న పాత్రలో అయిదు నిమిషాలు పట్టి చూడండి, ట్యూబ్ పాతబడే కొద్దీ అసలు కొలత మారుతుంది. కంట్రోలర్‌ని 6.5కి వస్తే గ్యాస్ ఆగిపోయేలా పెట్టండి.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. కంట్రోలర్ గ్యాస్‌ని రోజుకి యాభైసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ నడిపించకూడదు. అది కాపలాకే ఉండాలి. బుడగల్ని మీరు సెట్ చేసినప్పుడు పీహెచ్ దానంతటదే 6.6, 6.7 దగ్గర నిలబడాలి, కంట్రోలర్ ఏదైనా తేడా వస్తేనే కలగజేసుకోవాలి. ఎందుకంటే ప్రోబ్ మెల్లగా తప్పుడు అంకె చూపించడం మొదలుపెడుతుంది, దాని మీదే ఆధారపడితే రియాక్టర్ కూడా దాంతోపాటే తప్పుదారి పడుతుంది.

24 గంటలయ్యాక ఎఫ్లుయెంట్ కేహెచ్ చూడండి. ఇది చాలా చిక్కగా ఉంటుంది, హన్నా చెకర్ 20 దాటితే చూపించదు. ఒక వంతు ఎఫ్లుయెంట్‌కి రెండు వంతుల ఆర్ఓడీఐ నీళ్లు కలిపి టెస్ట్ చేసి, వచ్చినదాన్ని మూడుతో గుణించండి. 25 నుంచి 35 మధ్య వస్తే బాగున్నట్టు. 15 వస్తే గ్యాస్ చాలడం లేదు. 45 దాటితే మీడియా మరీ ఎక్కువ కరుగుతోంది, పీహెచ్ 6.3 కిందకి పోతే గులకలు పేస్టులా మారిపోయే ప్రమాదం ఉంది, తర్వాత శుభ్రం చేయడం నరకం.

ఇప్పుడు లెక్క. ఎఫ్లుయెంట్ కేహెచ్ 30 వచ్చింది, ట్యాంక్ 8 ఉంది. అంటే ప్రతి లీటరు ఎఫ్లుయెంట్ 22 తెస్తోంది. ట్యాంక్ 400 లీటర్లు, రోజుకి 1.5 తాగుతుంది, అంటే రోజుకి 600 కావాలి. 600ని 22తో భాగిస్తే 27 లీటర్లు, రోజుకి 1440 నిమిషాలు కాబట్టి నిమిషానికి 19 మిల్లీలీటర్లు. మొదట పెట్టిన 20 దాదాపు సరిపోయినట్టే. మీ ట్యాంక్‌కి మీ అంకెలు వేసుకోండి. నీళ్ల కొలతలో రాయి, ఇసుక తీసేసి లెక్కపెట్టండి, 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు ట్యాంకులో గాజు కొలత 450 లీటర్లు ఉన్నా రాళ్లు పోగా తక్కువే, సంప్ నీళ్లు మాత్రం కలపాలి.

అక్కడి నుంచి ట్యూనింగ్ మొదలవుతుంది, ఇందులోనే ఎక్కువమంది తొందరపడతారు. ట్యాంక్ కేహెచ్ ప్రతిరోజూ ఒకే టైముకి చూడండి. మూడు రోజులు వరుసగా పెరుగుతుంటే నీళ్ల వేగం పదో వంతు తగ్గించండి, పడుతుంటే పదో వంతు పెంచండి. నీళ్ల వేగం మారిస్తే రియాక్టర్ లోపలి పీహెచ్ కూడా కదులుతుంది, అది మళ్లీ పాత చోటికి రావడానికి బుడగలు కొంచెం సర్దండి, అంతే. నీళ్లు, గ్యాస్, ట్యాంక్‌లో చేతి డోసింగ్ మూడూ ఒకేరోజు తిప్పితే ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు. ఒక మార్పు చేశాక రెండు మూడు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవాలి. రోజువారీ తేడా 0.2 లోపే ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది కిట్‌లో ఉండే తేడానే కావచ్చు. కోరల్స్ పెరిగే కొద్దీ వాటి ఆకలీ పెరుగుతుంది, కాబట్టి మొదటి సెట్టింగ్ శాశ్వతం కాదు. కొన్ని వారాల తర్వాత కేహెచ్ మెల్లగా దిగడం మొదలైతే సంతోషపడండి, అవి పెరుగుతున్నాయన్నమాట.

ట్యాంక్ పీహెచ్ కొంచెం తగ్గుతుంది, అది ఈ పద్ధతితో వచ్చేదే, మిగిలిపోయిన సీఓటూ ఎఫ్లుయెంట్‌తోపాటు ట్యాంక్‌లోకి వస్తుంది. ఎఫ్లుయెంట్‌ని స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) నీళ్లు పీల్చే చోట పడేలా పెడితే చాలావరకు గాల్లోకి పోతుంది. రెండో డబ్బాలో కూడా మీడియా పెట్టి, గ్యాస్ ఇవ్వకుండా ఎఫ్లుయెంట్‌ని దాని గుండా పంపితే మిగిలిన గ్యాస్ అక్కడ ఖర్చయిపోతుంది, కేహెచ్ ఇంకొంచెం పెరుగుతుంది. సంప్‌లో మాక్రో ఆల్గే పెట్టి రాత్రిపూట లైటు వేయడం ఇంకో మార్గం. ఇంటి గాలిలోనే సీఓటూ ఎక్కువగా ఉంటే మాత్రం ఇవేవీ పూర్తిగా పనిచేయవు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకి చుట్టాలకి కొదవ ఉండదు, బ్రహ్మోత్సవాలప్పుడైతే హాల్లో చాపలు పరిచి పది మంది పడుకుంటారు, ఏసీ వేసి కిటికీలు మూస్తాం, పొద్దునకి ట్యాంక్ పీహెచ్ ఎప్పటికన్నా తక్కువ కనిపిస్తుంది. అది రియాక్టర్ తప్పనుకుని గ్యాస్ తగ్గించొద్దు. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టండి. ఇంకా తక్కువే ఉంటే రాత్రిపూట సున్నపు తేట చుక్కలుగా ఇవ్వచ్చు, కిళ్లీల్లో రాసే సున్నం కాకుండా శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చేసినది. అది చాలా ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది, కళ్లలో పడనీయొద్దు, పిల్లలకి అందనీయొద్దు.

కరెంటు కోతలకి ఒక్కటే నియమం. సోలెనాయిడ్, రీసర్క్యులేషన్ పంపు, నీళ్ల పంపు మూడూ ఒకే బోర్డు మీద ఉండాలి, ఆగితే అన్నీ ఆగాలి, నడిస్తే అన్నీ నడవాలి. సోలెనాయిడ్ ఇన్వర్టర్ మీదా, పంపులు మామూలు లైను మీదా ఉంటే మే నెల మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయినప్పుడు కదలని నీళ్లలోకి గ్యాస్ పోతూనే ఉంటుంది. ఇన్వర్టర్‌లో ఖాళీ ఉంటే అది ట్యాంక్‌లో నీళ్లు కదిలించే పంపుకి, అంటే వేవ్‌మేకర్‌కి ఇవ్వండి, కోరల్స్‌కి అప్పుడు కావాల్సింది ఆక్సిజన్, రియాక్టర్ రెండు గంటలు ఆగితే ఏమీ కాదు.

గొడవలు వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో చెప్తా. లోపలి పీహెచ్ దిగడం లేదు, బుడగలు మాత్రం వస్తున్నాయి అంటే పైన గ్యాస్ మడుగు కట్టి ఉంటుంది లేదా బబుల్ కౌంటర్ తర్వాత ఎక్కడో లీకు ఉంటుంది. పీహెచ్ తక్కువే చూపిస్తోంది, ఎఫ్లుయెంట్ కేహెచ్ మాత్రం పడిపోతోంది అంటే మీడియా అయిపోవస్తోంది లేదా ఒకచోట గట్టిపడి నీళ్లు పక్క దారిలో పోతున్నాయి లేదా ప్రోబ్ మురికి పట్టింది. ముందు ప్రోబ్‌ని బఫర్లో ముంచి చూడండి, అది అయిదు నిమిషాల పని. ఎఫ్లుయెంట్ ఆగిపోతే ట్యూబ్ చివర సున్నం కట్టి ఉంటుంది. కాల్షియం బాగానే ఉండి మెగ్నీషియం నెలనెలా దిగుతుంటే అది మామూలే, చాలా మీడియాల్లో అది తక్కువ, విడిగా వేసుకోవాలి. ఒకవేళ రాత్రికి రాత్రి గ్యాస్ వరదలా పోయి ట్యాంక్ పీహెచ్ కింద పడిపోతే గ్యాస్ కట్టేసి, ఎఫ్లుయెంట్ ఆపేసి, కిటికీలు తీసి, ఎయిర్ స్టోన్లు వేయండి, సీఓటూ గాల్లోకి పోయి పీహెచ్ దానంతటదే లేస్తుంది. ఆ కంగారులో సోడా గుమ్మరించకండి, కేహెచ్ ఎగిరి ఇంకో దెబ్బ తగులుతుంది.

మీడియా మూడో వంతు తగ్గాక పైనుంచి కొత్తది నింపండి, పూర్తిగా అయిపోయేదాకా ఆగొద్దు. అదేరోజు రీసర్క్యులేషన్ పంపు విప్పి, ఇంపెల్లర్‌ని (లోపల తిరిగే రెక్కల ముక్కని) నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఒక గంట వేసి కడగండి, తెల్లటి పొర ఊడిపోతుంది. ప్రోబ్‌ని నెలకోసారి క్యాలిబ్రేట్ చేయండి. పెరిస్టాల్టిక్ పంపు తలలోని ట్యూబ్ అణిగి పలకగా కనిపిస్తే పగిలేదాకా చూడకుండా మార్చేయండి, మార్చిన రోజు మళ్లీ పాత్ర పెట్టి అయిదు నిమిషాలు కొలవండి, కొత్త ట్యూబ్ ఎప్పుడూ కొంచెం ఎక్కువ పోస్తుంది.